పాట ఎవరి సొత్తు

సంగీతాన్ని అంగడి సరుకుగా మార్చిన నేరం ఇంటర్నెట్టుది కాదు. మన దేశంలో ఆ పని 1902 నవంబరులోనే మొదలయింది. గ్రామఫోను కంపెనీ పంపగా కలకత్తా వచ్చిన గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు గౌహర్ జాన్ వంటి గాయనుల చేత పాడించాడు. ఆ పాటల్ని జర్మనీలోని హానోవర్‌లో ప్లేట్లుగా వేయించి, మళ్ళీ ఇక్కడికే తెచ్చి కంపెనీ అమ్ముకుంది. పాట పాడే మనిషి నుంచి విడివడి, ధర కట్టి బీరువాలో పెట్టుకోగల వస్తువు కావటం ఆనాటి నుంచే. లక్క ప్లేటు, ఎల్పీ రికార్డు, క్యాసెట్టు, సీడీ - ఇవన్నీ ఆ వస్తువు కాలాన్ని బట్టి వేసిన వేషాలు. కనక సీడీలు పోతున్నాయని కంట తడిపెట్టే పెద్దమనుషుల్లో నన్ను కలపవద్దని ముందే మనవి చేస్తున్నాను.

మా ఇంట్లో 412 సీడీలు వుండేవి. ఇప్పుడూ వున్నాయి గాని, అటక మీద అట్టపెట్టెల్లో వున్నాయి. వాటిలోని సంగీతమంతా కొద్ది నెలల కిందట కంప్యూటరులోకి ఎక్కించాను. ఈ పనికి వోపిక కావాలి తప్ప గొప్ప తెలివి అక్కర్లేదు. అయితే ఆ పని చేస్తూ వుండగా ఆస్తికీ, శ్రమకూ, పేరుకూ సంబంధించిన కొన్ని ప్రశ్నలు ఎదురయినాయి. సంగీతం గురించి రాసేవాళ్ళు సామాన్యంగా రసానుభూతి దగ్గర ఆగిపోతారు; ఆర్థిక సంబంధాల గురించి రాసేవాళ్ళు సంగీతం జోలికి రారు. ఇద్దరూ వదిలేసిన చోటు ఒకటి వుంది. అక్కణ్ణించి నాలుగు మాటలు చెప్పదలిచాను.

ముందు సీడీ అంటే ఏమిటో చూడాలి. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన ఈ వస్తువు 1982 అక్టోబరులో జపానులో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. పాత ప్లేటు మీది గాడి గొంతు కదలికకు నకలు. సూది ఆ గాడిలో నడిచిన ప్రతిసారీ అది కొంత అరిగేది. నకలుకు నకలు తీస్తే మరికొంత చెడేది. సీడీ మీద వున్నవి అంకెలు. సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలిచి, కుడి చెవికి వేరుగా ఎడమ చెవికి వేరుగా ఆ కొలతను అంకెల్లో రాసిపెట్టారు. అంకెను ఎన్నిసార్లు ఎత్తిరాసినా అరగదు. వెయ్యో నకలుకూ మొదటి ప్రతికీ తేడా వెతికినా దొరకదు.

ఇంత ప్రమాదకరమైన సరుకును కంపెనీలు తాళం వెయ్యకుండా బజారులో ఎట్లా పెట్టాయి? దాన్ని ఎత్తిరాసుకునే పలక ఆనాడు ఎవరి ఇంట్లోనూ లేదు గనక. గంటసేపు సంగీతం వున్న సీడీలో 600 మెగాబైట్ల పైచిలుకు అంకెలుంటాయి. 1983లో ఐబీఎం కంపెనీ అమ్మిన పీసీ ఎక్స్‌టీ అనే కంప్యూటరులోని డిస్కు 10 మెగాబైట్లు పట్టేది. ఒక్క సీడీ కోసం అలాంటి యంత్రాలు అరవైకి పైగా కావాలి! పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ లెక్క తారుమారయింది. ఇవాళ నా 412 సీడీలూ, ఒక్క అంకె కూడా నష్టం కాకుండా కుదించిన రూపంలో, 150 గిగాబైట్లకు మించలేదు. అరచేతిలో పట్టే డిస్కులో ఏడో వంతు నిండింది.

ఉత్పత్తి శక్తులు పెరిగి పెరిగి ఒక దశలో పాత ఆస్తి సంబంధాలే వాటికి సంకెళ్ళవుతాయని మార్క్సు 1859 నాటి పీఠికలో చెప్పిన సంగతి మన విద్యార్థులందరూ చదువుతారు. ఉదాహరణ అడిగితే ఆవిరియంత్రం దగ్గరికి పోతారు. అంతదూరం పోనక్కర్లేదు. కంచంలో అన్నం మీరు తింటే నాకు మిగలదు. పాట మీకిచ్చినా నా దగ్గర ఎట్లా వున్నది అట్లాగే వుంటుంది. ఇటువంటి వస్తువుకు సహజంగా కొరత లేదు, కొరత లేనిచోట ధర నిలవదు. ధర నిలబడాలంటే కొరతను పనిగట్టుకుని తయారుచెయ్యాలి. గత పాతికేళ్ళ సంగీత వ్యాపార చరిత్రలో అధిక భాగం ఈ కొరత తయారీ చరిత్రే.

అట్లాగని సీడీ ప్రజల వస్తువుగా ఎన్నడైనా వున్నదా అంటే, లేదు. క్యాసెట్టు ముప్ఫై నలభై రూపాయలకు దొరికే రోజుల్లో సీడీకి మూడు నాలుగు వందలు పెట్టవలసి వచ్చేది. 1980లలో గ్రామఫోను కంపెనీ గుత్తాధిపత్యాన్ని దెబ్బ తీసింది క్యాసెట్టే. వూరి భజన బృందం, ఒగ్గుకథ చెప్పే కళాకారుడు, ప్రజానాట్యమండలి, జననాట్యమండలి - వీళ్ళ గొంతులు ఇళ్ళల్లోకి వెళ్ళింది క్యాసెట్టు మీద ఎక్కే. సీడీ వచ్చి ఆ గొంతుల్ని చాలావరకు వదిలేసింది. ఆ తరవాత కోఠీలో పేవుమెంటు మీద నూటయాభై పాటల ఎంపీత్రీ సీడీని యాభై రూపాయలకు అమ్మినవాణ్ణి పోలీసులు తరిమారు. నా మటుకు నాకు, ఘంటసాల పాటలన్నిటినీ ఒక్కసారిగా ఆటో డ్రైవరు ఇంటికి చేర్చినవాడు వాడేననిపిస్తుంది. చట్టం కళ్ళకు వాడు దొంగ. ఆ కళ్ళకున్న జోడు ఎవరు కొనిపెట్టిందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఇక నా సీడీల సంగతి. సగానికి పైగా కర్ణాటక సంగీతం, తక్కినవి పాత సినిమా పాటలు, కాస్త హిందుస్తానీ. వీటిలో 30 మాత్రం అంగట్లో కొన్నవి కావు. 2002, 2003 ప్రాంతాల్లో ఒక మిత్రుడు క్యాసెట్ల మీద నుంచి ఖాళీ సీడీల మీదికి ఎక్కించి ఇచ్చినవి. బుర్రకథలు, రైతు సభల్లో పాడిన పాటలు, ఒక హరికథ. కొన్న సీడీలో అంకెలు అచ్చుగుద్దిన గుంటలు. ఇంట్లో రాసుకునే సీడీలో అవి రంగు పొర మీద కాల్చిన మచ్చలు. ఆ రంగు వేడికీ వెలుతురుకూ వెలిసిపోతుంది. కొన్న 382 సీడీల్లో దాదాపు అన్నీ సవ్యంగా చదువుకున్నాయి. ఈ 30లో రెండు ఎంత ప్రయత్నించినా చదువుకోలేదు, నాలుగు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. కంపెనీ అచ్చు వేసిన సంగీతం నిలిచింది, జనం పాడుకున్నది వెలిసిపోయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, ఇది రసాయనశాస్త్రం. కాని ఏది అచ్చుకు నోచుకుంటుందో నిర్ణయించేది రసాయనశాస్త్రం కాదు.

సీడీని కంప్యూటరులో పెట్టగానే తెర మీద పాటల పేర్లు వరసగా ప్రత్యక్షమవుతాయి. ఇది సీడీ మహిమ అని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా సీడీల మీద పాట పేరు రాసి వుండదు. ఎన్ని పాటలు, ఏ పాట ఎక్కడ మొదలవుతుంది - ఇంతే వుంటుంది. మరి పేర్లు ఎక్కణ్ణించి వస్తున్నాయి? దీని వెనక ఒక కథ వుంది. మన వుద్యమకారులు చదవదగిన కథ.

టీ కాన్ అనే ప్రోగ్రామరు 1990లలో సీడీలు వాయించే ఒక ప్రోగ్రాము రాశాడు. దానికి తోడుగా సీడీడీబీ అనే జాబితా ఒకటి ఏర్పడింది. మీ దగ్గర వున్న సీడీ అందులో లేకపోతే అట్ట చూసి మీరే పేర్లు టైపు చేసి పంపాలి. రెండోసారి ప్రపంచంలో మరెవరైనా అదే సీడీ పెడితే మీరు చేసిన టైపు వాళ్ళకు పనికొస్తుంది. వేలాదిమంది ఇట్లా పైసా తీసుకోకుండా పనిచేశారు. తెలుగు సీడీల పేర్లు కూడా అందులోకి చేరాయంటే, ఏ అమెరికా వూళ్ళోనో రాత్రిపూట మనవాడొకడు కూచుని రోమన్ లిపిలో కొట్టి పంపి వుంటాడు. 1998లో ఆ జాబితాను ఒక కంపెనీకి అమ్మేశారు. తరవాత అది గ్రేస్‌నోట్ అనే పేరు పెట్టుకుంది. లైసెన్సు లేని ప్రోగ్రాములకు 2001లో తలుపు మూసింది. జనం టైపు చేసిన జాబితాను జనానికే అద్దెకిచ్చిందన్నమాట. 2008లో సోనీ కంపెనీ గ్రేస్‌నోట్‌ను 26 కోట్ల డాలర్లకు కొన్నది. ఇంగ్లండులో వూరుమ్మడి పచ్చిక బయళ్ళకు కంచెలు వేసిన చరిత్రను మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఇది కూడా అదే కంచె.

అయితే కంచె వేసినంత మాత్రాన కథ అయిపోలేదు. మోసపోయినవాళ్ళు ఏడుస్తూ కూచోలేదు. ఫ్రీడీబీ అని మరో జాబితా లేవదీశారు, అది 2020 వరకూ నడిచింది. 2000లో మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఇంకో జాబితా మొదలయింది, అది ఇవాళ్టికీ లాభాపేక్ష లేని సంస్థ చేతిలో వుంది. నేను వాడింది అదే. 2001లో వెలువడిన ఫ్లాక్ అనే కుదింపు పద్ధతి కూడా ఇట్లాంటి స్వేచ్ఛా ప్రోగ్రామర్ల చలవే. నేను చదివిన అంకెలు సరైనవో కావో పోల్చి చూసుకునే ఏర్పాటు ఒకటి వుంది. అదే సీడీని వేరే వాళ్ళు చదివినప్పుడు వచ్చిన మొత్తంతో నా మొత్తం సరిపోవాలి. పాశ్చాత్య సంగీతపు సీడీ పెడితే వందలమందితో సరిపోయిందని చెబుతుంది. మన హరికథ సీడీ పెడితే పోల్చటానికి ఒక్కరూ లేరంటుంది. అంటే మన పని ఎంత మిగిలి వున్నదో ఆ యంత్రమే చెబుతున్నదన్నమాట.

జాబితా ఎవరి చేతిలో వుంటే సంగీతం వాళ్ళ భాషలో మాట్లాడుతుంది. 1996లో ఎంపీత్రీ ఫైలు చివర పాట వివరాలు అతికించే పద్ధతి ఒకటి వచ్చింది. మొత్తం 128 బైట్ల జాగా. అందులో పాట పేరుకు 30, పాడినవారికి 30, ఆల్బముకు 30. సంగీతం ఏ రకమో చెప్పటానికి ఒక నంబరు. తొలి పట్టికలో 80 రకాలున్నాయి. పోల్కా నృత్య సంగీతానికి 75వ నంబరు దక్కింది, కర్ణాటక సంగీతానికి ఏ నంబరూ లేదు. 32వ నంబరు కింద క్లాసికల్ అని వుంది గాని, అది తయారుచేసినవాళ్ళ వుద్దేశంలో వాళ్ళ క్లాసికలే. మనబోటివాళ్ళు 48వ నంబరు కింద, ఎత్నిక్ అనే సంచిలో సర్దుకోవాలి. లిపి సంగతి మరీ ముచ్చట. ఈనాటి యూనికోడ్ లెక్కన తెలుగులో ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు పడుతుంది. త్యాగరాజు 27 బైట్లతో ఎట్లాగో ఇరుక్కుంటాడు. శ్యామశాస్త్రికి 39 కావాలి - ఆయన బయటే నిలబడాలి.

ఈ ఇరుకు తరవాత తగ్గింది. ఫ్లాక్ ఫైళ్ళలో మనకు కావలసిన గళ్ళు మనమే పెట్టుకోవచ్చు, ఎంత పొడుగు తెలుగయినా రాయవచ్చు. నేను రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్, మృదంగం, ఘటం అని గళ్ళు పెట్టుకున్నాను. కాని నెలసరి చందా కట్టి ఫోనులో వినే సర్వీసులు చాలావరకు పాటను ఇప్పటికీ ఒక్క చూపుతోనే చూస్తాయి: పాట, ఆర్టిస్టు, ఆల్బము. అది అమెరికా పాపు సంగీతపు కొలత. ఆ కొలతలో రాగం పాట పేరు తోకన వేలాడుతుంది. త్యాగరాజు కొన్నిచోట్ల ఆర్టిస్టయి కూచుంటాడు. వయొలిన్ వాయించినవాడు, మృదంగం వాయించినవాడు చాలాచోట్ల అసలు లేరు.

ఈ చివరి విషయం సంగీత విద్యార్థుల చాదస్తం కాదు. కచేరీలో రెండున్నర గంటలు చెమటోడ్చిన ముగ్గురిలో ఇద్దరి పేర్లు గల్లంతయితే అది శ్రమను దోచటంలో ఒక రకం. సీడీ అట్టలోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లోనైనా ఆ పేర్లుండేవి. పక్కవాద్యమన్న మాటలోనే ఒక మెట్టు కిందికి దింపటం వున్నది, పారితోషికంలో ఆ మెట్టు మరింత లోతు. ఇప్పుడు ఆ మెట్టు కూడా మాయమయింది. ఆ కాగితాన్ని ఆకాశానికెత్తనూ అక్కర్లేదు. మృదంగానికి చర్మం బిగించి ఆ నాదాన్ని తయారుచేసిన దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో సెబాస్టియన్ అండ్ సన్స్ అనే పుస్తకం రాశాడు. ఆ కుటుంబాల్లో ఒక్కరి పేరు కూడా నా 412 సీడీల కాగితాల్లో ఏ ఒక్కదాని మీదా లేదు.

ఎం.ఏ. చదివే కుర్రాడొకడు మా ఇంటికి వస్తూంటాడు. నేను సీడీల దుమ్ము తుడుస్తుంటే నవ్వి, "మాస్టారూ, ఇంత శ్రమ ఎందుకండీ? మీ బీరువాలోవన్నీ నా ఫోనులోనే వున్నాయి" అన్నాడు.

"చందా కట్టటం మానేస్తే?"

"యాడ్స్ వస్తాయండీ, అంతే. పోనీ, మా వూళ్ళో మీ సీడీలు కొనేవాడెవడండీ? నేను మొదటిసారి బాలమురళిని విన్నది ఈ ఫోనులోనే."

అతని మాటలో న్యాయం వుంది. 2016 తరవాత డేటా చవకయ్యాక, శ్రీకాకుళం పల్లెలోని పిల్లవాడికి పట్నం మధ్యతరగతి బీరువాతో పని లేకపోయింది. అది అభ్యుదయమే, కాదనలేం. బీరువాలో తాళం వేసుకున్న సంగీతం కన్నా పల్లెకు చేరిన సంగీతం మేలు. నా అభ్యంతరమల్లా ఆ చేరటం ఎవరి దయాధర్మాల మీద ఆధారపడి వున్నదనే. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. రెసో 2024 జనవరిలో మన దేశంలో ఆగిపోయింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్‌ను మూసివేశారు. 2023 మార్చిలో జీ మ్యూజిక్‌కూ స్పాటిఫైకీ బేరం కుదరక బోలెడన్ని పాటలు రాత్రికి రాత్రి కనిపించకుండా పోయాయి. కౌలుదారుకు భూమి మీద ఎంత హక్కో, చందాదారుకు పాట మీద అంతకంటే తక్కువ. కౌలుదారుకు కనీసం చట్టం ఒకటి వుంది.

ఆ చందా డబ్బు ఎటు పోతుందో కూడా చూడాలి. మనం నెలంతా నాదస్వరమే విన్నామనుకోండి. మన డబ్బు నాదస్వర విద్వాంసుడికి పోతుందనుకోవటం సహజం. సామాన్యంగా జరిగేది అది కాదు. అందరి డబ్బూ ఒక రాశి పోస్తారు, దేశంలో మొత్తం మీద ఎవరి పాటలు ఎన్నిసార్లు మోగాయో లెక్కగట్టి ఆ పాళ్ళలో పంచుతారు. మన నాదస్వరపు రూపాయిలో అధిక భాగం ఆ నెల సినిమా పాటకు పోతుంది. స్పాటిఫై 2024 నుంచి మరో మెట్టెక్కి, ఏడాదిలో 1,000 సార్లు మోగని పాటకు ఆ పంపకంలో వాటాయే లేదంది. బుర్రకథ దళం పాడిన పాట ఏడాదిలో వెయ్యిసార్లు మోగుతుందా? మోగదని అందరికీ తెలుసు. దాని వాటా కూడా పెద్దవాళ్ళ కుప్పలోనే కలుస్తుంది.

చట్టం అంతా కంపెనీల పక్షమేనని తేల్చి చేతులు దులుపుకోవటం కూడా తొందరపాటే. 2012లో కాపీరైటు చట్టానికి జరిగిన సవరణ పాట రాసినవారికీ, సంగీతం కట్టినవారికీ రాయల్టీలో వాటాను, వాళ్ళు వదులుకుంటామని సంతకం చేసినా చెల్లనంత గట్టిగా నిలబెట్టింది. రాజ్యసభలో జావేద్ అక్తర్ దాని కోసం గట్టిగా వాదించారు. అది పోరాడి సాధించుకున్న హక్కు. ఆ వాటా అందాలంటే ముందు కవి పేరు జాబితాలో వుండాలి గదా? రికార్డు మీద కంపెనీకి వుండే హక్కు 60 ఏళ్ళు. 1957లో వచ్చిన మాయాబజార్ రికార్డుల మీద ఆ గడువు 2017 చివరకు తీరిపోయింది. పింగళి నాగేంద్రరావు 1971లో చనిపోయారు గనక ఆయన మాటల మీద హక్కు 2031 దాకా వుంటుంది. ధ్వని ప్రజలది అయింది, మాటలు ఇంకా కాలేదు. ఇంత చిక్కు వ్యవహారంలో ఏ పాట ఎవరు రాశారు, ఏ ఏట రికార్డయింది అన్నది తేల్చి చెప్పగల కాగితం సీడీ అట్టలో వున్న ఆ మడత కాగితమే. దాన్ని ఫోటో తీసి ఫైలు పక్కన పెట్టకుండా సంగీతం మాత్రం ఎక్కించుకునేవాళ్ళు పంట కోసుకుని పొలం పత్రాలు తగలబెట్టినట్టే.

మన కాలేజీల్లో, సంఘాల ఆఫీసుల్లో, గ్రంథాలయాల్లో ఇట్లాంటి సీడీలూ క్యాసెట్లూ ఎన్ని పడివున్నాయో ఎవరూ లెక్క తియ్యలేదు. ఒక కంప్యూటరు, ఇద్దరు విద్యార్థులు, ఒక సెలవుల కాలం వుంటే ఒక కాలేజీ సరుకంతా ఎక్కించవచ్చు. కచేరీ రికార్డింగులను రసికులే పోగుచేసి వ్యాపారం లేకుండా పంచుకుంటున్న సంగీతప్రియ వంటి ప్రయత్నాలు కర్ణాటక సంగీతంలో వున్నాయి. బుర్రకథకూ, ఒగ్గుకథకూ, వుద్యమ గీతాలకూ అంత పాటి దిక్కు లేదు. కర్ణాటక సంగీతపు రసికులకు వున్న తీరిక బుర్రకథ శ్రోతలకు లేకపోవటమే దీనికి కారణమని నా అనుమానం. అంచేత ఆ పని తీరిక వున్నవాళ్ళే, అంటే మనమే, నెత్తికెత్తుకోవాలి.

నేను రెండు డిస్కుల మీద అంతా ఎక్కించి, ఒకటి ఆ కుర్రాడి ఇంట్లో పెట్టించాను. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో లేని సీడీలకు తెలుగు లిపిలో వివరాలు చేర్చటం సగం దాకా వచ్చింది. చిక్కంతా కాగితం మీదే పేర్లు లేని 37 కర్ణాటక సంగీతపు సీడీలతో. వాటిలో మృదంగం ఎవరిదో తెలియదు. రేడియోలో పనిచేసి రిటైరయిన వాద్యకారుడొకరు పక్క వీధిలో వున్నారు. మొన్న సాయంత్రం వెళ్ళి వరసగా వినిపించాను. కళ్ళు మూసుకుని, వేళ్ళతో తొడ మీద తాళం వేస్తూ, పదకొండింటికి పేర్లు చెప్పారు. రెండింటి దగ్గర మాత్రం తల అడ్డంగా వూపి, "ఇది చెప్పలేనండీ, తనియావర్తనం కత్తిరించేశారు" అన్నారు. మిగిలిన 24 వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నారు.